కేలరీలు లెక్కపెట్టండి గానీ కొత్తిమీర తూచకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆరోగ్యం పేజీల్లో వేసే కేలరీల పట్టికల గురించి ఈ ఉత్తరం. మీ ఒక్క పత్రికనే అనడం లేదు, తెలుగులో ఏ పేపర్ తీసినా అదే తీరు. ఇడ్లీకి 39, దోశకు 133, గారెకు 97 అని ఒక డబ్బా కట్టి వేస్తారు. ఏ ఇడ్లీ అండీ? మా హనుమకొండలో ఒక బండి మీద ఇడ్లీ అరచేతిలో సగానికి వస్తుంది, నాలుగు అడుగులు పోతే ఇంకో హోటల్లో రెండు తింటే మళ్లా మధ్యాహ్నం దాకా ఆకలి కాదు. రెండూ 39ఏనా? పైగా 40 అని కాకుండా 39 అని వేసేసరికి అదేదో ల్యాబ్‌లో కొలిచి తేల్చిన లెక్క అనుకుంటారు చదివేవాళ్లు. ఆ చివరి అంకెను నమ్ముకుని జనం ఎంత టెన్షన్ పడుతున్నారో మీ దాకా రాదు కాబట్టి రాస్తున్నా.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇంటర్ ఫస్టియర్‌లో మొదట్లోనే కొలతలు, దోషాలు అని ఒక పాఠం ఉంటుంది, పిల్లలు దాన్ని ఎప్పుడూ సీరియస్‌గా తీసుకోరు. పొద్దున్న వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిచేటప్పుడు ఇప్పుడు నాకు ఆ పాఠమే గుర్తొస్తోంది, ఎందుకంటే నాతో నడిచేవాళ్లలో చాలామంది ఫోన్లో కేలరీల యాప్ పెట్టుకున్నారు, షుగర్ వచ్చిందని ఒకరు, మోకాళ్ల నొప్పులకు డాక్టర్ బరువు తగ్గమన్నాడని ఒకరు, కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేసి మరీ వేయించాడని ఇంకొకరు. మంచిదే. కానీ వాళ్ల మాటలు వింటే నవ్వాలో బాధపడాలో తెలియదు. ఒకాయన రాత్రి తిన్న జామకాయను చిన్నది అని వేయాలా మీడియం అని వేయాలా అని ఒక రౌండ్ పూర్తయ్యేదాకా చర్చ పెట్టాడు. ఒకావిడకు ఎవరో మేడారం నుంచి బంగారం తెచ్చిచ్చారట, అమ్మవార్ల ప్రసాదం బెల్లం, యాప్‌లో ఎంత వేయాలో తెలియక నోట్లో వేసుకోకుండా కాగితంలో చుట్టి పెట్టిందట. పది గ్రాముల ముక్క అయినా నలభై కేలరీలకు మించదు తల్లీ, కళ్లకద్దుకుని తినేయమన్నాను. అదే ఆవిడను మరి ఇంట్లో కూరల్లోకి నూనె ఎంత పడుతుందని అడిగితే, "అదెట్ల లెక్కపెడతాం సార్, అందాజగా పోస్తా" అంది.

ఆ బెల్లం ముక్కకూ ఆ అందాజ నూనెకూ ఉన్న తేడా గురించే నా గోలంతా. దోషాలు రెండు రకాలని పాఠంలో చెప్తాం. యాదృచ్ఛిక దోషం ఒకటి, ఒకసారి కొంచెం ఎక్కువ వస్తుంది, ఇంకోసారి కొంచెం తక్కువ వస్తుంది, ఎటు పోతుందో చెప్పలేం. క్రమ దోషం ఇంకొకటి, ఎప్పుడు కొలిచినా ఒకే వైపు తప్పుతుంది. సన్నటి తీగల మందం కొలిచే స్క్రూగేజీకి సున్నా దోషం ఉండి, అంటే మధ్యలో ఏమీ పెట్టకపోయినా అది సున్నా చూపించకపోతే, దాన్ని సరిచేసుకోకపోతే వందసార్లు కొలిచి సగటు తీసినా తప్పే వస్తుంది. కేలరీల లెక్కలో జామకాయ సైజు, ఇవాళ అరటిపండు కొంచెం పెద్దదవడం, పెరుగు ఒక గరిటె అటూ ఇటూ కావడం, ఇవన్నీ మొదటి రకం. రోజూ ఒక యాభై అటో ఇటో తప్పినా వారానికి సగటు తీస్తే ఆ తప్పు దాదాపు ఇరవైకి దిగుతుంది, ఎక్కువ తక్కువలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి. నూనె రాయకపోవడం రెండో రకం. రోజుకు 200 కేలరీల నూనె లెక్కలోకి రాకపోతే వారం సగటులోనూ 200 తక్కువే, సంవత్సరం సగటులోనూ 200 తక్కువే, దాన్ని కొట్టేసేది ఏదీ లేదు. మన జనం మొదటి రకం కోసం నిద్ర పాడుచేసుకుంటున్నారు, రెండో రకం వైపు కన్నెత్తి చూడట్లేదు.

అసలు ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. తిండి విషయంలో మనం కేలరీ అనేది నిజానికి కిలోకేలరీ, ఒక కిలో నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించేంత శక్తి. అమెరికాలో ఆట్‌వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త 19వ శతాబ్దం చివర్లో రకరకాల తిండ్లను కాల్చి ఎంత వేడి వస్తుందో కొలిచి, అందులో మనిషికి అరగకుండా బయటికి పోయేది తీసేసి, గ్రాము పిండిపదార్థానికి 4, ప్రొటీన్‌కు 4, కొవ్వుకు 9 అని సగటు లెక్కలు తీశాడు. ఇవాళ్టికీ ప్యాకెట్ల మీద కనిపించేది చాలావరకు ఆ లెక్కే. సగటు అన్నాక సగటే. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు మనుషులకు బాదంపప్పు తినిపించి చూస్తే 28 గ్రాములకు ఒంటికి పట్టింది 129 కేలరీలే, పాత లెక్క ప్రకారం 170 దాకా రావాల్సింది. ఎంత నమిలినా పప్పులో కొంత కొవ్వు అరగకుండానే వెళ్లిపోతుంది. అక్కడి చట్టం కూడా ప్యాకెట్ మీద రాసినదానికన్నా లోపల కేలరీలు 20 శాతం మించి ఎక్కువ ఉంటేనే తప్పంటుంది, అంతలోపు ఉంటే సరే. అంటే 200 అని రాసిన ప్యాకెట్‌లో 240 ఉన్నా ఎవరూ అడగరు, మనమేమో 3 కేలరీల కోసం బాధపడతాం.

మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. వాళ్లు 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికలు కొత్తగా వేశారు, 528 రకాలు, దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడదీసి శాంపిళ్లు తెప్పించి కొలిచినవి. ఆ పుస్తకం తెరిస్తే అంకె పక్కన ప్లస్ ఆర్ మైనస్ అని ఇంకో చిన్న అంకె ఉంటుంది. అంటే ఒకచోటి శాంపిల్‌కూ ఇంకోచోటి శాంపిల్‌కూ తేడా ఉందని, అది ఇంత అని కొలిచినవాళ్లే నిజాయితీగా చెప్పారు. యాప్‌లకూ పత్రికలకూ వచ్చేసరికి ఆ చిన్న అంకె ఎగిరిపోతుంది, పెద్దది ఒక్కటే మిగులుతుంది, ఇంక అది వేదమైపోతుంది. ఇంకో సంగతి, ఆ పుస్తకంలో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు, 4.184తో భాగిస్తే మన కేలరీలు వస్తాయి. పాలిష్ పట్టిన బియ్యం వంద గ్రాములకు 1,490 చిల్లర అని చూసి గుండె ఆగినంత పని కావొద్దు, అది 356 కేలరీలే.

ఇన్ని తేడాలుంటే ఇంక లెక్క రాయడమే దండగ కదా అంటారు కొందరు, ముఖ్యంగా రాయడం బద్ధకమైనవాళ్లు. నేను ఒప్పుకోను. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గట్లేదు అనేవాళ్లను కొందరిని తీసుకుని, వాళ్లు రాసిన తిండి లెక్కను, వాళ్ల ఒంట్లో నిజంగా ఖర్చయ్యే శక్తిని పక్కపక్కన పెట్టి చూశారు. ఖర్చు కొలవడానికి ఒక ప్రత్యేకమైన నీళ్లు తాగించే పద్ధతి ఉంది, మనిషి అందాజగా చెప్పేదాంతో దానికి పనిలేదు. తేలిందేమంటే, తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ రాశారు, చేసిన కసరత్తును 51 శాతం ఎక్కువ రాశారు. ఒంట్లో ఏ లోపమూ లేదు, కేలరీల ఖర్చు మామూలు మనుషుల్లాగే ఉంది. వాళ్లు అబద్ధాలకోరులని కాదు, అందాజ అట్లాగే ఉంటుంది, అందరిదీ. అయితే 47 శాతం అనేది జామకాయ దగ్గరా ఇడ్లీ చివరి అంకె దగ్గరా పోయేది కాదు. మన ఇళ్లల్లో అయితే అది పోయే చోట్లు నాకు తెలిసి ముఖ్యంగా రెండు, అన్నం, నూనె.

అన్నం సంగతి ముందు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు, వంద గ్రాముల అన్నంలో సుమారు 130. తేడా అంతా నీళ్లు. యాప్‌లో రైస్ అని కొడితే రెండూ వస్తాయి, ఏది ముందొస్తే అది నొక్కేస్తాం. బియ్యం తూచి అన్నం లెక్క వేస్తే వందకు 220 కేలరీలు గల్లంతు, అన్నం తూచి బియ్యం లెక్క వేస్తే పాపం ఒక పూట తిన్నదే మూడు పూటలంత కనిపించి మర్నాడు ఉపవాసం ఉంటారు. ఈ రెండో రకం వాళ్లు కట్ట మీద ఒకరిద్దరు ఉన్నారు, నీరసంగా నడుస్తుంటారు. దీనికి మన ఇళ్లల్లో చక్కటి ఉపాయం ముందే ఉంది. మన అమ్మలు ఎప్పుడూ బియ్యాన్ని కొలిచే వండుతారు, సోలతోనో తవ్వతోనో గ్లాసుతోనో. ఆ సోలను ఒక్కసారి వంటింటి త్రాసు మీద పెట్టి ఎన్ని గ్రాములు పడతాయో చూసుకుంటే చాలు, ఇంక రోజూ తూచే పనే లేదు. మా ఇంటి సోలలో పావుకిలో కంటే కొంచెం ఎక్కువ పడుతుంది, మీ ఇంటిది వేరేగా ఉండొచ్చు, పక్కింటిది అడగొద్దు. తర్వాత, వండిన గిన్నె బరువు మైనస్ ఖాళీ గిన్నె బరువు. ఉదాహరణకు 400 గ్రాముల బియ్యం అంటే 1,400 కేలరీలు, వండాక అన్నం 1,100 గ్రాములు అయిందనుకోండి, మీ కంచంలోకి 275 పెట్టుకుంటే అది సరిగ్గా నాలుగో వంతు, 350 కేలరీలు. ఒకరోజు అన్నం మెత్తగా అయినా, ఒకరోజు పలుకుగా ఉన్నా ఈ లెక్క చెడదు, ఎందుకంటే నీళ్లు ఎన్ని పోసినా బియ్యం మారలేదు కదా. కొన్నిసార్లు చేశాక త్రాసు కూడా అక్కర్లేదు, మన కంచంలో ఏ మేరకు పెడితే నాలుగో వంతో కంటికే తెలిసిపోతుంది.

ఇక్కడే ఇంకో మాట. తెలంగాణ సోనా తింటే కేలరీలు తక్కువ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ బియ్యానికి గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువ, అంటే తిన్నాక రక్తంలో చక్కెర మెల్లగా పెరుగుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు అది మేలే. కేలరీలు మాత్రం ఏ బియ్యానికైనా దాదాపు ఒకటే. సోనా కదా అని ఇంకో గరిటె పెట్టుకుంటే వచ్చిన లాభం పోయినట్టే. అట్లాగే జొన్నరొట్టె. అన్నం మానేసి రొట్టె తింటున్నా, అయినా తగ్గట్లేదు సార్ అంటారు. జొన్నపిండి కూడా వందకు 330 చిల్లర, బియ్యం కంటే పెద్ద తక్కువేం కాదు, పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండుగా ఉంటుంది, అంతే. రొట్టెకు యాభై గ్రాముల పిండి పడితే 170 దాకా. లెక్క రొట్టెలతో కాదు, పిండితో.

2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్‌లో సన్నబియ్యం మనిషికి నెలకు 6 కిలోలు ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు, 700 కేలరీలు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పిన లెక్క ప్రకారం కూర్చుని పనిచేసే 65 కిలోల మగమనిషికి రోజుకు 2,110, 55 కిలోల ఆడమనిషికి 1,660 కేలరీలు చాలు. అంటే రేషన్ బియ్యం ఒక్కదానితోనే మగవాళ్లకు మూడో వంతు, ఆడవాళ్లకు నూటికి నలభై పైన అయిపోతుంది. ఇది రేషన్ మీద ఫిర్యాదు కాదు, పొలం పనికి పోయేవాళ్లకు అది అక్కర్లేనిదీ కాదు. కుర్చీలో కూర్చునేవాళ్లు మాత్రం ఇంటికి ఎంత బియ్యం వచ్చింది, ఎన్ని రోజులకు అయిపోయింది అని చూసుకుంటే యాప్ చెప్పనిది బియ్యం డబ్బా చెప్తుంది.

నూనెకు కూడా నా పద్ధతి ఇదే, డబ్బా లెక్క. గరిటె గరిటెకు కొలిచి పోయమంటే ఏ ఇంట్లోనూ జరగదు, జరగాలని కూడా నేను అనను, పోపు పెట్టేటప్పుడు వెనక నిలబడి ఎన్ని చెంచాలు అని అడిగే మొగుణ్ణి ఎవరు భరిస్తారు. నూనె గ్రాముకు 9 కేలరీలు, ఇంతకు మించి కేలరీలున్న పదార్థం వంటింట్లో లేదు. లీటర్ నూనె 910 గ్రాముల దాకా తూగుతుంది, అంటే 8,200 కేలరీలు. ఈ మధ్య లీటర్ ప్యాకెట్ లాగే కనిపిస్తూ కొంచెం తక్కువ పోసిన ప్యాకెట్లు కూడా షాపుల్లో ఉన్నాయి, ముందు గ్రాములు చదవండి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయిపోతే, బయట పారబోసింది ఏమీ లేకపోతే, మనిషికి నెలకు లీటర్, రోజుకు 270 కేలరీలు. యాప్‌లో వంకాయ కూర ఒక కప్పు అని వేసినప్పుడు అందులో ఈ 270 ఉందో లేదో దేవుడికే తెలియాలి, ఎవరో ఎక్కడో వాళ్ల వంకాయ కూరకు వేసిన లెక్క అది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు 2,000 కేలరీల తిండికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు పెట్టారు, అంటే నెలకు 800 గ్రాముల చిల్లర. మీ ఇంటి ప్యాకెట్లను మనుషులతో భాగించి చూసుకోండి, రెండు నిమిషాల పని. ప్యాకెట్ విప్పిన రోజు క్యాలెండర్ మీద రాసి పెట్టుకుంటే అదే పెద్ద డేటా.

వేపుళ్లకు, అప్పాలకు ఇంకొంచెం కష్టపడాలి గానీ అది కూడా పెద్ద విద్య కాదు. కడాయిలో పోసేముందు నూనె తూచండి, దించి చల్లారాక మిగిలింది తూచండి, తేడా అప్పాల్లోకి పోయింది. సకినాలనే తీసుకుంటే, బియ్యం నానబెట్టకముందు కిలో అంటే 3,500 కేలరీలు, నువ్వులు 200 గ్రాములు వేస్తే ఒక 1,100, నూనె 300 గ్రాములు తగ్గిందనుకుంటే 2,700, మొత్తం 7,300. సకినాలు ఎనభై వచ్చాయనుకోండి, ఒక్కోటి తొంభై. తొంభై ఒకటి పావు అని రాయకండి దయచేసి. వామును వదిలేయండి, అదేం లెక్కలోకి రాదు. చుట్టిన చెయ్యి మారితే సైజు మారుతుంది, మా ఇంట్లో నేను చుడితే సకినం గారెలాగా వస్తుంది, అయినా మొత్తం డబ్బా మాత్రం 7,300ఏ. పండుగ వారంలో డబ్బా ఎంత ఖాళీ అయిందో చూసుకుని ఇంట్లోవాళ్లతో భాగించుకుంటే సరిపోతుంది, చుట్టాలు తిన్నది తీసేసి. సర్వపిండికి కూడా ఇదే దారి, అందులో బియ్యప్పిండి ఎంతో పల్లీలు, నువ్వులు ఎంతో అదే అసలు లెక్క, పల్లీలు నువ్వులు రెండూ వందకు ఐదొందల పైమాటే.

మిగతావి తొందరగా చెప్పేస్తా. పప్పు కూడా పచ్చిది తూచాలి, కందిపప్పు వందకు 340 దగ్గర, పలుచన చేసుకున్నా గట్టిగా చేసుకున్నా పప్పు పప్పే. మటన్ అయితే బొక్కలతో తూచి మొత్తం మాంసం కింద రాయకండి, తిన్నాక కంచంలో మిగిలిన బొక్కలు తూచి తీసేయమంటారు పుస్తకాల్లో, ఆదివారం పూట అంత ఓపిక నాకైతే లేదు, కొంచెం తగ్గించి రాస్తా. చాయ్‌ని అందరూ మరిచిపోతారు. చిన్న చాయ్ కప్పులో సగం, అంటే ఓ యాభై మిల్లీలీటర్లు చిక్కటి బర్రెపాలు, చక్కెర రెండు చిన్న చెంచాలు వేస్తే ఒక్కో చాయ్ తొంభై దాకా అవుతుంది, రోజుకు నాలుగు తాగేవాళ్లకు అది ఒక పూట అన్నం. ప్యాకెట్ తిండికి మాత్రం లేబుల్ చదవండి, వంద గ్రాములకు అని ఇచ్చిన అంకెను ప్యాకెట్ మొత్తానిది అనుకోకండి, చుడువా ప్యాకెట్ రెండొందల గ్రాములుంటే రెండింతలు.

ఇంక తూచనక్కర్లేనివి. కొత్తిమీర, పుదీన, తోటకూర, పాలకూర, సొరకాయ, బీరకాయ, దోసకాయ, టమాట, పచ్చిమిర్చి, చింతపండు నీళ్లు. బీరకాయ వంద గ్రాములు అటూ ఇటూ తప్పినా పది పదిహేను కేలరీలు, రెండు గ్రాముల నూనె కూడా కాదు. పచ్చిపులుసు ఎంత పోసుకున్నా లెక్కకు ఏం ఫరక్ పడదు, పోపులో నూనె ఒక్కటి చూసుకుంటే చాలు. కట్ట మీద ఒక పెద్దాయన ఉల్లిగడ్డను పొట్టుతో తూచాలా పొట్టు తీసి తూచాలా అని నన్ను నిలదీశాడు, నేను ఆ సంగతి వదిలేసి ఆయన తింటున్న పల్లీల గురించి అడిగాను.

బరువు చూసుకోవడంలో కూడా ఇదే గందరగోళం. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి, బట్టలతో ఒకసారి, లేకుండా ఒకసారి చూసుకుని ముఖం మాడ్చుకుంటారు. మనిషి బరువు ఒక రోజులో కిలో, ఒక్కోసారి రెండు కిలోలు అటూ ఇటూ కావడం మామూలే, ఉప్పు ఎక్కువ తింటే ఒంట్లో నీళ్లు నిలుస్తాయి, అన్నం ఎక్కువ తింటే కండల్లో, కాలేయంలో గ్లైకోజెన్, అంటే ఒళ్లు దాచిపెట్టుకునే పిండిపదార్థం నిండుతుంది, అది గ్రాముకు మూడు గ్రాముల దాకా నీళ్లను పట్టుకుంటుంది. పెళ్లి భోజనం మర్నాడు కిలో పెరిగానని ఏడ్చేవాళ్లకు ఒకటే చెప్తా, కిలో కొవ్వు పెరగాలంటే సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి, పైన చెప్పిన సకినాల డబ్బా మొత్తం ఒక్కరే ఖాళీ చేసినా అంత కాదు. అది నీళ్లు, రెండు రోజుల్లో పోతుంది. పొద్దున్నే ఒకే టైముకు చూసుకుని వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చుకోండి. మూడు నాలుగు వారాల సగటు కదలకపోతే అప్పుడు లెక్కలో ఎక్కడో క్రమ దోషం ఉందని, నూనెనో చాయ్‌నో వెతుక్కోవాలి. వెతికినా దొరకకపోతే రోజుకు ఒక 150, 200 తగ్గించి మళ్లీ చూడటమే. నిజానికి మీరు రాసే అంకె తప్పే అయినా రోజూ ఒకే పద్ధతిలో తప్పు రాస్తున్నంతవరకు పని జరుగుతుంది. మీ 1,800 నిజంగా 2,000 అయినా పర్వాలేదు, మీ 1,800తో బరువు ఆగిపోతే మీ 1,600కు రండి. ఇది పిల్లలకు అర్థం చేయించడానికి నాకు ఏళ్లు పట్టింది, కట్ట మీద పెద్దవాళ్లకు ఇంకా ఎక్కువ పట్టేట్టుంది.

చేతి గడియారాల గురించి కూడా చెప్పాలి. నడక అయిపోగానే గడియారం చూసుకుని ఇవాళ 480 కరిగించా అని చెప్పి, అదే నోటితో మిర్చి బజ్జీలకు ఆర్డర్ ఇస్తారు. 2017లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఏడు రకాల చేతి గడియారాలను పరీక్షిస్తే గుండె వేగం బాగానే చూపించాయి గానీ ఖర్చయిన కేలరీలు అన్నింటికన్నా మంచిదే 27 శాతం తప్పింది, చెత్తది 93 శాతం. తర్వాత గడియారాలు మారి ఉండొచ్చు, అయినా ఆ అంకెను తిండిలో కలుపుకుని మళ్లీ తినడం మాత్రం మానేయండి. 70 కిలోల మనిషి కిలోమీటర్ నడిస్తే మోటుగా 50 కేలరీలు, అంత గుర్తుంటే చాలు.

ఈ ఉత్తరంలోదంతా అందరికీ కాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు తిండిలో పిండిపదార్థాన్ని డాక్టర్ చెప్పినట్టే లెక్క చూసుకోవాలి, అక్కడ నా అందాజ పనికిరాదు. గర్భిణులకు, ఎదిగే పిల్లలకు ఈ తగ్గించుకునే లెక్కలే వద్దు. ఇంటర్ చదివే అమ్మాయిలు యాప్ చూసుకుంటూ టిఫిన్ మానేయడం నేను కాలేజీలో ఉన్నప్పుడే మొదలైంది, ఇప్పుడు ఇంకా ఎక్కువైంది అంటున్నారు. అంకె తప్పుతుందేమో అనే భయంతో చుట్టాల ఇంట్లో అన్నం ముట్టనివాళ్లు, తిన్నాక రాత్రంతా లెక్కలు వేసుకునేవాళ్లు యాప్ తీసేసి డాక్టర్‌తో మాట్లాడటం మంచిది, బరువు గురించి కాదు, ఆ భయం గురించి. అట్లాంటివాళ్లను త్రాసు కొనమని ఎవరూ సలహా ఇవ్వకండి.

ఇంక మీ పేజీ గురించి నేను అడిగేది పెద్దదేం కాదు. ఇడ్లీ అని వేసినప్పుడు పక్కన ఎన్ని గ్రాముల ఇడ్లీయో వేయండి. అన్నం, పప్పు, రొట్టె అయితే వండకముందు లెక్కో వండాక లెక్కో వేయండి. కూరలకు ఎంత నూనెతో ఆ అంకె వచ్చిందో ఒక ముక్క చెప్పండి, అది లేకుండా ఏ కూరకు ఏ అంకె వేసినా ఒకటే. అంకెల్ని పదులకు సర్దేయండి, 39 అయితే 40, 133 అయితే 130, ఎవరి ఆరోగ్యమూ చెడిపోదు, చాలామంది మనసు కుదుటపడుతుంది. జాగా లేదంటే నాలుగు రకాలు తగ్గించండి, ఎట్లాగూ ఆ పట్టికలో మేం వరంగల్‌లో తినేవి సగం ఉండవు, ఓట్స్, క్వినోవా, అవకాడో ఉంటాయి. సర్వపిండి, మక్కగారెలు, మలీద, గట్క, జొన్నరొట్టె, పల్లిపొడి, చింతకాయ తొక్కు, వీటి గురించి ఒక ఆదివారం వేయండి. సంక్రాంతికి సకినాల మీద మీరు ఎట్లాగూ రాస్తారు, ఈసారి ఒక్కోటి ఎన్ని గ్రాములో, నూనె ఎంత తగ్గిందో చూసి రాయండి, తూచడానికి కావాలంటే మా ఇంటి త్రాసు ఇస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
హనుమకొండ